రెండు గీతల నడుమ నేల

నవాబ్ అలీ నవాజ్ జంగ్ జయంతి సందర్భంగా నెల్లికుదురులో చేసిన స్మారకోపన్యాసం



జులై 11 నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టినరోజు. 1877లో హైదరాబాదులో పుట్టి, ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కాలేజీలో చదివి, నిజాం రాజ్యానికి చీఫ్ ఇంజనీరయ్యారు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయన కట్టించిందే. మనకు దగ్గర్లోని పాలేరు, వైరా జలాశయాలు కూడా ఆయన హయాంలోవే. ఆనకట్టల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే నేను ఆనకట్టకు ముందు జరిగే పని తీసుకున్నాను: నేల వాలు కొలవడం. నేను చెప్పదలచింది ఒక్కటే. మన ప్రాంతపు నీళ్ల కథంతా మ్యాపు మీద రెండు కాంటూరు గీతల మధ్య ఉన్న ఖాళీలోనే నడుస్తుంది. ఆ ఖాళీలో ఏముందో కంప్యూటరుకు మనం చెప్పాలి.

కాంటూరు అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత. చెరువు నిండి మత్తడి దుంకబోతున్నప్పుడు నీటి అంచు వెంట నడవండి, మీరు నడిచేది కాంటూరు మీదే. ఇవాళ ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తి నీటిమట్టం) హద్దు అని రాళ్లు పాతేది ఆ గీతకే. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువుల కట్టలు వేసిన కాకతీయుల కాలపు పనివాళ్లకు కాగితం మీద కాంటూరు లేదు. కానీ ఎక్కడ కట్ట వేస్తే నీళ్లు ఎంతదూరం ఎగదన్నుతాయో, ఏ శిఖం ఎంత మునుగుతుందో లెక్క తెలియకుండా గొలుసుకట్టు చెరువులు నిలవవు.

కాగితం మీదికి ఆ గీత మొదట నీళ్ల నుంచే వచ్చింది. 1584లో పీటర్ బ్రూయిన్స్ అనే డచ్ సర్వేయరు స్పార్నె నది అడుగున సమాన లోతులను గీతతో కలిపాడు. కొండమీదికి ఆ గీత రావడానికి దాదాపు 200 ఏళ్లు పట్టింది. 1774లో స్కాట్లండులోని షిహాలియన్ కొండ దగ్గర, కొండ ఆకర్షణను బట్టి భూమి సాంద్రత తేల్చే ప్రయోగం జరిగింది. అందుకు కొండ ఘనపరిమాణం కావాలి. చార్లెస్ హట్టన్ అనే గణిత శాస్త్రజ్ఞుడు చిందరవందరగా ఉన్న ఎత్తుల అంకెల్లో సమానమైనవాటిని గీతలతో కలిపి లెక్క తేల్చాడు.

మన దేశంలో బ్రిటిష్ సర్వేయరు లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రిభుజాల సర్వే దక్కన్ మీదుగా సాగింది. ఎత్తులన్నిటికీ ఒకే మూలం 1909లో కుదిరింది. విశాఖపట్నంతో సహా తొమ్మిది రేవుల్లో నమోదైన సగటు సముద్రమట్టం ఆ మూలం. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపులు ఈ ఎత్తులనే కాంటూర్లుగా చూపిస్తాయి. వాటిలో గీతకూ గీతకూ మామూలుగా 20 మీటర్ల తేడా.

ఈ 20 మీటర్లే మన సమస్య. శ్రీరాంసాగర్ పూర్తి నీటిమట్టం 1091 అడుగులు, లోయర్ మానేరుది 920. తేడా 171 అడుగులు, అంటే 52 మీటర్లు. మధ్యలో కాకతీయ కాలువ నడిచే దూరం 146 కిలోమీటర్లు. సగటున కిలోమీటరుకు 36 సెంటీమీటర్లే పడుతుంది. ఆ లెక్కన ఒక గీత నుంచి ఇంకో గీతకు దిగడానికి కాలువకు 56 కిలోమీటర్లు కావాలి! ఇక ఊరి చెరువు సంగతి సరేసరి. కట్ట ఎత్తు నాలుగైదు మీటర్లయితే కట్ట, తూము, మత్తడి అన్నీ రెండు గీతల నడుమే ఇమిడిపోతాయి.

1982లో ఆటోక్యాడ్ అనే డ్రాయింగు సాఫ్ట్‌వేరు వచ్చాక డ్రాయింగు బోర్డు మీది పని తెర మీదికి మారింది. కాంటూర్ల నుంచి వాలు కొలిచే పద్ధతి సులువే. ఒక కాంటూరు నుంచి పక్క కాంటూరుకు లంబంగా గీత గీయాలి, ఎందుకంటే నిటారు వాలు ఆ దిక్కునే ఉంటుంది. ఎత్తు తేడాను అడ్డదూరంతో భాగిస్తే వాలు వస్తుంది. 20 మీటర్ల తేడాకు గీతల మధ్య దూరం 4 కిలోమీటర్లయితే వాలు అర శాతం, అంటే 200కు 1. ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలూ, ఇక్కడ రెండు జాగ్రత్తలు. ప్రతి గీతకూ దాని ఎత్తు ఇచ్చారో లేదో చూడండి. స్కాన్ చేసిన మ్యాపు మీద గీసిన గీతలన్నీ సున్నా ఎత్తులోనే ఉంటాయి, వాలూ సున్నాయే వస్తుంది. రెండోది, గుట్టల దగ్గర ఏటవాలు దూరాన్ని అడ్డదూరం అనుకోవద్దు. 45 డిగ్రీల వాలు దగ్గర 100 శాతం రావలసింది 71 శాతానికి పడిపోతుంది.

వేల చోట్ల ఇలా చేత్తో కొలవడం కుదరదు కాబట్టి సాఫ్ట్‌వేరు నేలను త్రిభుజాలుగా కోస్తుంది. రష్యన్ గణితవేత్త డెలోనే 1934లో చెప్పిన నియమమే దీనికి ఆధారం. ప్రతి త్రిభుజానికీ ఒక వాలు, వాలుకో రంగు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ కాంటూరు మలుపు తిరిగే చోట త్రిభుజం మూడు మూలలూ ఒకే గీత మీద పడతాయి. అప్పుడు అక్కడ నేల చదునని లెక్క వస్తుంది. గీత అలా మలుపు తిరిగేది ఎక్కడ? గుట్ట కొసలోనూ, వాగు లోయలోనూ. వాగు లోయ అంటే మన పెద్దలు కట్ట వేసిన చోటే! నీళ్లు ఏ దిక్కున పోతాయో తప్పక తెలియాల్సిన చోటే యంత్రం చదును అంటుంది. దీనికి మందు ఉంది. వాగు అడుగు వెంట లెవెల్సు తీసి, ఆ గీతను బ్రేక్‌లైనుగా ఇస్తే త్రిభుజాలు దాన్ని దాటకుండా ఏర్పడతాయి.

ఉపగ్రహం ఉంది కదా అనొచ్చు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్-1 జంట చిత్రాల నుంచి, మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దేశమంతటికీ ఎత్తుల నమూనా తయారుచేసింది. గొప్ప పని. అయితే 30 మీటర్లకు ఒక అంకె ఇచ్చే ఆ నమూనాలో ఎత్తు 8 మీటర్ల వరకు అటూఇటూ కావచ్చు. పరివాహక ప్రాంతం గీయడానికి అది చాలు. మత్తడి ఎత్తు నిర్ణయించడానికి చాలదు.

2024 సెప్టెంబరు 1న పక్కనున్న కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకు రైలుపట్టాల కింది కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడటం మీరంతా చూశారు. అంత వాన పడితే ఏ లెక్కయినా తడబడుతుంది. అయినా పై చెరువు తెగితే నీళ్లు ఎటు మళ్లుతాయో ముందే చెప్పగల డ్రాయింగు మనకు ఉండాలి. అది 20 మీటర్ల గీతలతో రాదు, అర మీటరు గీతలతో వస్తుంది.

మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తెచ్చుకున్నాం. పూడిక తీయడంతో పాటు ప్రతి గొలుసుకూ కట్ట, తూము, మత్తడి, వాగు అడుగు లెవెల్సు తీసి ఒకే డ్రాయింగులో పెట్టాలి. ఏ ఎకరానికి నీళ్లు ఎక్కవో, ఏ మడి ముందు మునుగుతుందో రైతుకు తెలుసు, నీరటికి తెలుసు. సర్వే రోజున వాళ్లను వెంట తీసుకుపోండి. ఇకమీద మీ ఊళ్లో ఎవరు కొత్త కాలువ ప్లాను పరిచినా వాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. కాంటూరుకూ కాంటూరుకూ తేడా ఎంత? మధ్యలో లెవెల్సు ఎవరు తీశారు? జవాబు వచ్చాకే సంతకం పెట్టండి.