ఫోటో వెనక పేరు రాయండి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ మీరు ఏటా ఈ రోజు జరుపుకుంటున్నారు. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. అటువంటి సభలో ఏ పెన్షనూ లేని నన్ను పిలిచి మాట్లాడమన్నారు. ఇన్నేళ్ళూ మీ సభల్లో నేను వేదిక కింద నిలబడి "కొంచెం దగ్గరగా జరగండి సార్" అనడమే తప్ప ఇంకో మాట మాట్లాడి ఎరగను. తప్పులుంటే మన్నించ ప్రార్థన.

నేను పత్రికలకు ఫోటోలు తీయడం మొదలుపెట్టింది 1979లో. ఆ ఏడాది జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది కనుక నాకు ఆ సంవత్సరం బాగా గుర్తు. శ్రీకాకుళంలో చిన్న స్టూడియో ఉండేది. ఏ పత్రికలోనూ నేను ఉద్యోగిని కాను. ఫోటో అచ్చయితే డబ్బు, కాకపోతే లేదు. ఫిల్ము, కాగితం, బస్సు ఛార్జీ అన్నీ మనవే. నెలాఖరున అచ్చయిన ఫోటోలను కత్తిరించి తెల్లకాగితాలకు అంటించి బిల్లు పంపుకోవాలి. మీకు ఒకటో తారీకు అనేది ఒకటి ఉండేది. నా క్యాలెండరులో ఆ తారీకు లేదు.

మరి ఇల్లు ఎలా గడిచిందంటారా? చాలావరకు మీ దయవల్లే. రిటైరయ్యే ప్రతి ఉద్యోగీ పెన్షను కాగితాలకు భార్యాభర్తల జాయింట్ ఫోటో జతపరచాలి గదా. పెళ్ళినాటి ఫోటో తరవాత ఇద్దరూ కలిసి దిగిన రెండో ఫోటో అదే అయిన దంపతులు నా స్టూడియోకి ఎందరో వచ్చారు. "ఇప్పుడు నాకెందుకండీ ఫోటో" అని సిగ్గుపడే అమ్మగారికి, "మీకే అమ్మా, ముందుముందు అవసరం" అని చెప్పలేక నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఇక పత్రికల పని. నా మొదటి కెమెరా యాషికా మ్యాట్. పైనుంచి లోపలికి తొంగిచూసి తీసే రకం. రోలుకు పన్నెండే ఫోటోలు. ఊటీలో తయారైన ఇందు ఫిల్ము, తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో ఫిల్ము, ఏది దొరికితే అది. ఆ కెమెరా అద్దంలో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనబడుతుంది. నిలబడ్డ మనిషికైతే ఫరవాలేదు, కదిలేదాన్ని తీసేటప్పుడే తంటా.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మీకందరికీ తెలుసు. దసరా వెళ్ళిన మంగళవారం, పొడవాటి మాను చివర పూజారి కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతారు. మాను నిజంగా కుడికి వస్తుంటే నా అద్దంలో ఎడమకి పోతుంది. మొదటి ఏడాది పన్నెండింటిలో తొమ్మిది ఫోటోల్లో పూజారిగారు లేరు, ఉత్త ఆకాశం ఉంది. తరవాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. మొదటిసారి తిరిగేటప్పుడు ఒక మేడమీద నిలబడి వెలుగు ఎటునుంచి పడుతోందో చూసుకోవడం, రెండోసారి ఫోటో తీసేయడం, మూడోది అమ్మవారికే వదిలేసి డార్క్ రూముకి పరుగెత్తడం. అక్కడ తెలిసినవారి స్టూడియోలో ఫిల్ము కడిగి, కరెంటు పోకుండా ఉంటే ప్రింటు వేసి, తడి ఆరీ ఆరకముందే కవరులో పెట్టి విశాఖపట్నం బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాణ్ణి. అవతల పత్రిక మనిషి వచ్చి తీసుకునేవాడు. బస్సు తప్పిపోతే ఏడాదికొకసారి వచ్చే ఫోటో కూడా చిత్తుకాగితమే.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. 1989లో వారు జిల్లా పత్రికలు తెచ్చాక మా ఊళ్ళ ఫోటోలకు గిరాకీ పెరిగింది. అంతకుముందు మంత్రిగారో, వరదో, ప్రమాదమో అయితేనే మా జిల్లాల బొమ్మ అచ్చయ్యేది. ఆ తరవాత పొందూరు ఖద్దరు వడికే అమ్మ, బొబ్బిలి వీణ చెక్కే పనివారు, అరసవల్లి రథసప్తమి క్యూలో చంటిబిడ్డతో నిల్చున్న తల్లి కూడా పేపరెక్కారు. ఫోటో కింద నా పేరు లేకపోయినా, ఆ మనుషుల పేర్లుంటే నాకు తృప్తిగా ఉండేది.

అన్నిసార్లూ ఆ పేర్లు కూడా ఉండేవి కావు. అందులో నా తప్పు ఒకటుంది. అది చెప్పడానికే ఈ రోజు ఒప్పుకున్నాను.

1980 సెప్టెంబరులో వంశధారకు పెద్ద వరద వచ్చింది. ఏటిఒడ్డు ఊరొకదానికి ఒక అధికారి పడవలో వెళుతుంటే ఫోటో తీశాను. పడవ పక్కన గుండెలోతు నీళ్ళలో ఆ ఊరి తలయారి నడుస్తున్నాడు. ఒక చేత్తో పడవ అంచు పట్టుకున్నాడు, రెండో చేత్తో నెత్తిమీద కరణంగారి లెక్కల మూట పట్టుకున్నాడు. మూట తడవలేదు. పేపర్లో రెండు కాలాల జాగాయే ఉంది కాబోలు, ఆ పక్క కత్తిరించి వేశారు. అధికారిగారి పేరు అచ్చయింది. తలయారి పేరు నేను అడగనేలేదు, చీటీ మీద రాయనూ లేదు.

కలర్ ల్యాబులు వచ్చాయి. డార్క్ రూము మూతపడింది. పాత నలుపు తెలుపు నెగెటివుల్లో వెండి ఉంటుంది గదా, దాన్ని తీసేవాళ్ళు కిలోల లెక్కన కొనేవారు. ఇంట్లో అవసరం వచ్చి ఒక రోజు మూడు సంచుల నెగెటివులు అమ్మేశాను. వచ్చిన డబ్బు ఆ నెల బియ్యానికి, పిల్లల పుస్తకాలకి సరిపోయింది.

2006లో ఒక ఆడమనిషి స్టూడియోకి వచ్చింది. "మా అయ్యని వరదలో నువ్వు బొమ్మ తీసేవట బాబూ. పేపర్లో ఏసేరని అందరికీ సెప్పుకునీవోడు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. గోడకి ఎట్టుకుందామంటే ఒక్క బొమ్మా నేదు" అంది. నెగెటివు ఎక్కడినుంచి తేను? బిల్లుల కట్టలో పేపరు ముక్క మాత్రం దొరికింది. అందులో పడవ, అధికారిగారు, పడవ అంచు మీద ఒక చెయ్యి. అంతే. ఆమె దాన్ని వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. "ఈ కడియం మా అయ్యదే" అంది. డబ్బివ్వబోతే తీసుకోలేదు. ఆ ముక్కనే ఫోటో తీసి పెద్దది చేసి ఇచ్చాను. ఆ తలయారి పేరు అప్పుడు అడిగి, నా దగ్గరున్న కాపీ వెనక రాసుకున్నాను. ఇరవయ్యారేళ్ళు ఆలస్యంగా.

అయ్యా, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా కూడా ఏర్పడి మా ప్రాంతం మూడు జిల్లాలైంది. ఆఫీసులు మారాయి, ఊళ్ళు మారాయి. మీ బీరువాల్లో బదిలీ సభల ఫోటోలు, ఎన్నికల డ్యూటీ ఫోటోలు, స్కూలు వార్షికోత్సవం ఫోటోలు ఉన్నాయి. వాటిలో ఉన్నవాళ్ళు ఎవరో మీకు తెలుసు, మీ మనవలకు తెలియదు. ఇంటికి వెళ్ళి ఒక్కో ఫోటో తీసి, వెనక మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా, ఎడమనుంచి వరుసగా పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. అటెండరు పేరూ, వాచ్‌మన్ పేరూ మరిచిపోకండి. పెన్ను వద్దు. ఒత్తి రాస్తే గీతలు ముందుకు తేలతాయి, సిరా ఊరుతుంది. ఒంట్లో ఓపిక లేనివారు చెబితే పిల్లల చేత రాయించండి.

మనం బతికే ఉన్నామని ఏటా ఒక సర్టిఫికెట్ ఇచ్చుకుంటాం. ఆ ఫోటోల్లో ఉండి వెళ్ళిపోయినవారికి సర్టిఫికెట్ ఇవ్వగలిగింది మీరొక్కరే.

చిరిగినవీ, చెదలు పట్టినవీ ఉంటే సంఘం ఆఫీసుకి తీసుకురండి. ఆదివారాలు నేనక్కడే ఉంటాను, కాపీ తీసి ఇస్తాను. డబ్బు అక్కర్లేదు. వెనక పేరు రాసి తెస్తే చాలు.