చెన్నైలో ఆగండి

ఇల్లూ వాకిలీ కారవాన్‌లోనే అమర్చుకుని దేశం చుట్టే ఒకప్పటి మద్రాసు తెలుగువారూ, దారిలో చెన్నై వస్తే దాటిపోకండి. పెద్ద బండికి పాత వీధులు ఇరుకు. దాన్ని ఊరి అంచున భద్రంగా నిలిపి, మెట్రో ఎక్కండి.

వడపళనిలో విజయా-వాహినీ స్టూడియోల స్థలంలో ఇప్పుడు ఆసుపత్రి, మాల్ కనిపిస్తాయి. త్యాగరాయనగర్‌లో పానగల్ పార్కుది, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రీమియర్‌గా ఉన్న తెలుగు జమీందారు పేరు. మైలాపూరులో పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహారదీక్ష చేసి, 1952 డిసెంబరు 15న కన్నుమూసిన ఇల్లు స్మారక భవనమైంది.

ఒకప్పుడు మీరున్న వీధికీ వెళ్ళండి. ఇల్లు మారిపోయినా ఇరుగుపొరుగులో ఎవరో ఒకరు గుర్తుపడతారు. పిల్లల్ని వెంట తీసుకెళ్ళి, మీరు చదివిన బడి చూపించండి.