వీడ్కోలుకు గంటలు, ఊళ్లో ఇంటికి మూడు నిమిషాలు!

ఈరోజు టాపిక్ పార్లమెంట్. ఆగండాగండి, స్కిప్ కొట్టకండి. మీ ఊళ్లో సగంలో ఆగిపోయిన ఇంటి గురించే చెప్పబోతున్నా.

పార్లమెంట్‌లో ఎవరైనా పెద్ద అధికారి రిటైర్ అవుతుంటే సభ వాతావరణమే మారిపోతుంది. నిన్నటిదాకా అరుచుకున్నవాళ్లే ఒకరి తర్వాత ఒకరు లేచి "మీ సేవలు మరువలేం" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ గౌరవం కూడా అందరికీ దక్కదు.

రాజ్యసభ సెక్రటేరియట్‌లో ఉద్యోగిగా పనిచేస్తూ సెక్రటరీ జనరల్ కుర్చీదాకా ఎదిగిన మొదటి వ్యక్తి ఎవరో తెలుసా? మన తెలుగాయనే, పి.పి.కె. రామాచార్యులు గారు. పార్లమెంట్‌లో దాదాపు నాలుగు దశాబ్దాల సర్వీసు. 2021 సెప్టెంబర్ 1న బాధ్యతలు తీసుకున్నారు. నవంబర్ 12కల్లా ఆ కుర్చీలోకి పి.సి. మోదీ వచ్చేశారు, ఈయన్ని సలహాదారుగా పెట్టారు. తేదీలు చూడండి: వర్షాకాల సమావేశాలు ఆగస్టు 11నే అయిపోయాయి, శీతాకాల సమావేశాలు నవంబర్ 29న మొదలయ్యాయి. అంటే ఆయన ఆ పోస్టులో ఉన్నన్నాళ్లూ సభ ఒక్కరోజు కూడా జరగలేదు! తర్వాత ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనసభ వ్యవహారాలు చూశారనుకోండి. అయినా నాకైతే ఇది మనసుకు పట్టేసింది.

ఇక రిపోర్టర్లు, అనువాదకులు, మార్షల్స్... వీళ్లందరికీ కలిపి ఒకే లైను: "సిబ్బందికి ధన్యవాదాలు". అంతే. కానీ సభలో పలికిన ప్రతి మాటనీ రాతలోకి ఎక్కించేది వాళ్లే. వాళ్లు రాసిపెట్టబట్టే, ఎవరు ఏం అడిగారో, దానికి ఏం జవాబొచ్చిందో మనం ఫోన్‌లో వెతుక్కోగలుగుతున్నాం. నేనూ అలాగే వెతికాను, గ్రామాల్లో ఇళ్ల గురించి.

పీఎం ఆవాస్ యోజన గ్రామీణ్ 2016లో మొదలైంది. మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు. ఆ 1.20 లక్షల్లో మామూలు రాష్ట్రాలకైతే కేంద్రం వాటా 60 శాతం, అంటే 72 వేలు. అంతకుముందు ఇందిరా ఆవాస్ కింద 70 వేలే ఉండేది, దాన్ని పెంచారు, మంచిదే. కానీ ఆ తర్వాత? 2024 ఆగస్టులో ఇంకో 2 కోట్ల ఇళ్లకు కేబినెట్ ఓకే చెప్పింది. రేటు మాత్రం అదే! ఎనిమిదేళ్లలో సిమెంట్ పెరిగింది, ఇనుము పెరిగింది, కూలి పెరిగింది. ఇదొక్కటీ కదల్లేదు.

చిన్న లెక్క వేద్దాం. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి, అంటే దాదాపు 269 చదరపు అడుగులు. 1.20 లక్షల్ని దాంతో భాగిస్తే అడుగుకి 446 రూపాయలు. మా ఊరి మేస్త్రీకి ఈ నంబర్ చెప్తే నవ్వేశాడు. "బేస్‌మెంట్ లేచేసరికే అయిపోతాయి తమ్ముడూ" అన్నాడు. మరుగుదొడ్డికి 12 వేలు, 90 రోజుల ఉపాధి హామీ కూలి విడిగా వస్తాయి, కాదనను. వాటిని కలిపినా స్లాబ్ పడదు. మిగతాది అప్పే, అదీ నూటికి రెండు రూపాయల వడ్డీకి. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు అని లెక్క కట్టారంటేనే తేడా అర్థమవుతుంది.

మరి ఎంపీలు అడగట్లేదా అంటే, అడుగుతున్నారండీ. గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం కూడా పెంచమని రాసింది. కానీ సంఘం సిఫారసును ప్రభుత్వం పాటించి తీరాలని రూలేమీ లేదు. రాజ్యసభ జీరో అవర్‌లో ఒక సభ్యుడికి దొరికేది మూడు నిమిషాలు, తర్వాత మైక్ కట్. లోక్‌సభలో రూల్ 377 కింద అయితే 250 పదాలు మించకూడదు. వీడ్కోలు ప్రసంగాలకు మాత్రం ఇంత కటింగ్ ఉండదు, గమనించారా?

అయితే నాకు ఈ 377 ఇష్టం. ఎందుకంటే దానికి సంబంధిత మంత్రి నుంచి రాతపూర్వకంగా జవాబు రావాలి. జీరో అవర్ అరుపు గాల్లో కలిసిపోవచ్చు గానీ కాగితం మీది జవాబు ఎక్కడికీ పోదు. "పరిశీలిస్తాం" అని రాసినా సరే, వచ్చే ఏడాది అదే జవాబు తీసి "పరిశీలన ఎందాకా వచ్చింది సార్?" అని అడగొచ్చు.

సంసద్ డాట్ ఇన్‌లోకి వెళ్లండి. ప్రశ్నల సెక్షన్‌లో మీ ఎంపీ పేరు, గ్రామీణాభివృద్ధి శాఖ సెలెక్ట్ చేయండి. ఒక్క ప్రశ్న కూడా కనపడకపోతే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఈసారి ఆయన మీ ఊరొచ్చినప్పుడు చూపించి, 1.20 లక్షల సంగతి 377 కింద ఎప్పుడు లేపుతారో అడగండి.