మఖమలు నూగు కోయు కత్తిపిడి
(మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ సభలో చర్చింపదగిన పెద్దవిషయములు పెక్కులుండగా, అరచేతిలో నిముడు నొక చిన్న పనిముట్టునుగూర్చి మాటలాడుటకు మేము నిలువబడుట కొందఱికి వింతగా దోచవచ్చును. కాని మగ్గమునొద్ద కూర్చుండువాని మంచిచెడ్డలు తఱచుగా ఇట్టి చిన్న వస్తువులయందే యుండునని మీరెఱుగనిది గాదు. పన్నెలో ఒక్కపుల్ల వంగిన చీర పొడవునను గీత పడునుగదా!

మఖమలును మనలో నేసినవారు తక్కువ. తొడిగినవారును, తాకి మెచ్చినవారును ఎక్కువ. అక్బరు కొలువునందలి వస్త్రములను పేర్కొనుచు అబుల్ ఫజలు వ్రాసిన పట్టికలో గుజరాతు మఖమలును లాహోరు మఖమలును కలవు. తెలుగునాట మఖమలు నేతకు అంతటి పేరు లేకపోయినను, నూగునేత మనకు క్రొత్త కాదు. ఏలూరు, ఓరుగల్లు తివాసీలు లోకప్రసిద్ధములు. 1851వ సంవత్సరమున లండనులో జరిగిన మహాప్రదర్శనమునకు ఓరుగల్లు తివాసీలు పోయినవి. అయితే తివాసీలో ఒక్కొక్క ముడిని వేసి అప్పటికప్పుడే కత్తితో పోగు తెంపుదురు. తప్పు జరిగినను ఆ ముడితో పోవును. మఖమలులో అట్లు గాదు. ఒక్క విసురున బట్ట వెడల్పంతయు తెగవలెను.

ఆ కోత యెట్టిదో చెప్పవలసియున్నది. మఖమలునకు పడుగులు రెండు. ఒకటి నేలపడుగు, ఇది బిగువుగా నుండి బట్టకు గట్టిదనము నిచ్చును. రెండవది నూగుపడుగు, ఇది వేఱొక కఱ్ఱకు చుట్టబడి వదులుగా నడచును. నూగుపడుగును పైకెత్తి, ఆ సందులో నాడెకు మాఱుగా సన్నని ఇత్తడికమ్మిని దూర్తురు. పిమ్మట మూడు పేకపోగులు వేసి పన్నెతో గట్టిగా కొట్టుదురు. నూగుపోగులు కమ్మిమీదుగా వంగి క్రిందికి దిగి ఉచ్చులవలె నిలుచును. కమ్మి వీపున పొడవునను సన్నని గాడి యుండును. ఆ గాడివెంట కత్తి నడపిన ఉచ్చులన్నియు నడితలను తెగి రెండేసి కొనలగును. కమ్మి విడివడి బయటికి వచ్చును. అట్టి కొనలు వేలకొలది ఒకచోట నిలిచినదే నూగు. కోసిన వెంటనే అది జాఱిపోకుండుటకు, కోయబడు కమ్మికి ముందు మఱి యొకటి రెండు కమ్ములు బట్టలోనే యుండవలెను. ఒక్క పేకపోగు క్రింద మాత్రమే దూఱివచ్చిన కుచ్చు లాగిన ఊడివచ్చును; మూడు పోగులను పెనవైచుకొన్నది నిలుచును. ఇది కత్తిపని గాదు, నేతపని. కాని కత్తి మంచిదైనంతమాత్రమున నేతలోని లోపము తీరదని చెప్పుటకై ఇచ్చట ప్రస్తావించితిమి.

ఇంగ్లీషువారు ఈ కోతసాధనమును ట్రెవెట్టు అందురు. ఫ్రెంచివారు వడ్రంగి చిత్రికకుగల రాబో యను పేరునే దీనికిని పెట్టిరి. చిత్రికను తలచుకొన్నవారికి దీని తత్త్వము సులభముగా బోధపడును. చిత్రికలో ఉలి వేఱు, దిమ్మె వేఱు. ఎంత లోతు తెగవలయునో నిర్ణయించునది దిమ్మె, తెగవేయునది ఉలి. ఇందును అట్లే. రెండు లోహపు పలకలు, వానినడుమ అలుగు, దానిని బిగించు మరలు. పలకయడుగు కమ్మి నానుకొని నడచును. అలుగుకొన గాడిలోనికి దిగవలసినంత దిగవలెను, అంతకంటె వెండ్రుకవాసియు దిగరాదు. ఎక్కువ దిగిన ఇత్తడిని గీచుకొని వాడి చెడును. గాడి తప్పిన నేలపడుగు తెగును. తక్కువ దిగిన ఉచ్చులు కొన్ని తెగక మిగిలి, కమ్మి రానని మొరాయించును. ఒకప్రక్కకు ఒరిగినచో ఉచ్చు సరిగా నడుమ తెగక ఒక కొన పొడుగును ఒక కొన పొట్టియు నగును. వెలుతురునకు వాల్చిచూడ ఆ వరుస చారగా కనబడును.

ఒక లెక్క వేసి చూతము. సెంటీమీటరునకు 15 కమ్ములు, బట్ట వెడల్పు 60 సెంటీమీటర్లు అనుకొందము. వెనీసు నగరమున 1875లో నెలకొన్న బెవిలాక్వావారి చేతిమగ్గములమీద నేటికిని దినమునకు సుమారు 30 సెంటీమీటర్ల మఖమలే దిగును. ఆ వేగమునే మన లెక్కకు తీసికొన్నచో దినమునకు 450 కోతలు. ఒక్కొక్క కోత 60 సెంటీమీటర్లు. వెరసి అలుగు దినమునకు 270 మీటర్లు పట్టులో నడచును. ఇక నూగు ఎత్తు 2 మిల్లీమీటర్లైనచో ప్రతి యుచ్చునకును ఎక్కి దిగుటకే 4 మిల్లీమీటర్ల పోగు పట్టును. సెంటీమీటరు బట్టకు ఎక్కిదిగునది 60 మిల్లీమీటర్లు, ముందుకు నడచునది 10; వెరసి 70. అనగా నూగుపడుగు బట్టకంటె ఏడురెట్లు పొడవు కావలెను. పట్టుధర తెలిసినవారికి ఈ ఏడురెట్లనగా నేమో మేము చెప్పనక్కఱలేదు. నేతలో తప్పుపోగు పడిన విప్పి మఱల వేయవచ్చును. తెగిన నూగును అతుకువా డెవ్వడును లేడు.

ఇప్పుడు అలుగును పిడినుండి వేఱుచేసి, వాడి పోగానే తీసివైచి క్రొత్తది పెట్టుకొను పద్ధతినిగూర్చి. పిడియు అలుగును ఏకఖండమైన కత్తి నూఱినకొలది అరుగును, అరిగినకొలది పొట్టియగును, నిన్నటి లోతు నేడు లేదు. సానపట్టుటయందు ఆరితేరిన చేయి దీనిని సర్దుకొనును గాని, అట్టి చేయి ప్రతియింటను లేదు. ఒకే కొలతకు తయారైన అలుగులున్నచో ఆ చిక్కు తొలగును. గడ్డపుకత్తికి ఈ మార్పు తెచ్చి అమెరికాదేశీయుడగు జిల్లెట్టు 1904లో పేటెంటు పొందెను. శస్త్రవైద్యుల కత్తికి మార్గన్ పార్కరు 1915లో అట్టి యేర్పాటే చేసెను. గడ్డమునకు గలిగిన సౌకర్యము పట్టునకు గలుగరాదా?

అయితే గడ్డపు బ్లేడును తెచ్చి ఏదో యొక పిడిలో బిగించిన చాలునని తలంపరాదు. అది మిక్కిలి పలుచన. ఉచ్చుల బిగువునకు వంగును. దానిని వాడదలచినచో కొనమాత్రమే బయటికి వచ్చునట్లు ఇరువైపుల పలకలు చివరివఱకు ఆనియుండవలెను. వైద్యుల కత్తికి వాడు అలుగువంటి దళసరి యలుగు మేలు.

మేమొక చిన్న మగ్గముమీద జానెడు వెడల్పున నూలుమఖమలు నేయించి చూచితిమి. మొదటి మూరెడు చక్కగా వచ్చినది. అలుగు మొద్దువాఱగా క్రొత్తది వేసితిమి. మఱునాడు బట్టను కిటికీకడ వాల్చిచూడ, అలుగు మార్చినచోట అడ్డముగా సన్నని గీత. మగ్గమునొద్ద ఎదురుగా చూచినప్పుడు అది కనబడనేలేదు. నేసినవాడు ముప్పదియేండ్లు పట్టుచీరలు నేసిన పెద్ద. బట్టను రెండుమూడు మాఱులు అటునిటు త్రిప్పి, “అయ్యా, తప్పు నా చేతిది గాదు, పిడిది” అనెను. మాకు మొదట నమ్మకము కలుగలేదు. పిడిని విప్పిచూడగా నతడనినదే నిజమైనది. అలుగు వెనుక ఆనుకొనుటకు అందు మెట్టు లేదు; మర బిగించినవాని చేతివాటమునుబట్టి అలుగు ఒకమాఱు ముందుకును ఒకమాఱు వెనుకకును కూర్చుండుచున్నది. వెనుక ఒక మెట్టును, ప్రక్కకు జరుగకుండ ఒక చిన్న మేకును పెట్టించిన పిమ్మట, అలుగు మార్చినచోటు ఇదియని మే మే గుర్తింపజాలకపోతిమి. అలుగు మార్చుకొనవీలగుట యొక్కటే పిడికి గుణము గాదు. మార్చినట్లు బట్టకు తెలియకుండుట దాని గుణము.

ఆ పెద్ద మాట మమ్ము చాల దినములు వెంబడించినది. అది మా ప్రయత్నమే కావున బట్ట చెడినను ఆయన కూలికి లోటు రాలేదు. కూలికి నేయు మగ్గముమీద నైనచో ఆ గీత ఎవరి లెక్కలో వ్రాయబడియుండును? నేసినవాని లెక్కలోనేగదా!

ఈ ప్రశ్న మన యొక్కరిదే కాదు. ఇంగ్లాండులో లాంకషైరు ప్రాంతమున వెల్వెటీను, కార్డురాయి అను నూలుబట్టలను నేసిన పిదప కోయుచుండిరి. బల్లమీద బిగలాగి కట్టిన బట్టవెంట, సన్నని పొడుగుపాటి కత్తి చేబూని, కోతపనివారు ఈ కొననుండి ఆ కొనకు నడచుచు ఒక్కొక్క వరుసనే తెంపుదురు. కత్తికొనకు తొడిగిన రేకుగుల్ల పోగులక్రింద దూఱి దారిచూపును. దినమునకు మైళ్లకొలది నడక. ఆడవారును చిన్నపిల్లలును ఆ పనిలో నుండిరి. బ్రాడ్ఫర్డు నగరమున మానింగుహాము మిల్లులో మఖమలు, ప్లష్షు నేయువారి కూలి తగ్గింపబడగా, 1890 డిసెంబరు మొదలు 1891 ఏప్రిలువఱకు పనివారు సమ్మెచేసి ఓడిపోయిరి. ఆ యోటమి రేపిన కదలికవలననే 1893లో ఆ యూరనే స్వతంత్ర కార్మికపక్షము వెలసినది. ఆ మిల్లు యజమాని లిస్టరు, రెండు బట్టలను ముఖాముఖిగా నేసి నడుమ కోయు మరమగ్గమును వృద్ధిచేసినవాడు. అట్టి మగ్గమునందు కత్తి అటునిటు పరుగెత్తుచు, కొసలయందలి సానరాళ్లకు తగిలి తనకు తానే పదును పెట్టుకొనును. దానితో వేగమున మనము పోటీపడజాలము. కొన్ని యుచ్చులను కోసి కొన్నిటిని కోయకవిడిచి, ఒకే రంగులో పూవును తీగెను నిలుపు చేతినేతకు మాత్రము నేటికిని ఆదరము కలదు. అందు ఒక్కొక్క వరుసను చూచికోయు కన్నును, నమ్మదగిన పిడియు కావలెను.

కావున పోషకులకు మా విన్నపములు రెండు. మెట్టు గల పిడులను పదింటిని చేయించి, నూగునేత నేర్వగోరు పిల్లల కిప్పించుడు; దీనికి పెద్ద యంత్రశాల యక్కఱలేదు, ఇత్తడిపని తెలిసిన కమ్మరి చాలును. రెండవది, నూలును పట్టును ఇచ్చి నేయించుకొను ఆసాములు అలుగుల ఖర్చును తామే భరింపవలెను. అలుగు ఖర్చు నేతగానిదైనచో మొద్దువాఱినదానినే ఇంకొక దినము, ఇంకొక దినము అని లాగును. అందు అతని తప్పేమి? పైసలకు వెనుదీసి ఏడురెట్ల పట్టును పాడుచేసికొనుట ఆసామికిని లాభము గాదు.

మేము చేయించిన పిడియు, గీతపడిన బట్టముక్కయు, గీతలేని ముక్కయు వేదిక ప్రక్కనున్న బల్లమీద నుంచితిమి. భోజనానంతరము చూడగోరువారు చూడవచ్చును. గీతను ఎదురుగా చూడక, ముక్కను వెలుతురునకు వాల్చి చూడుడు. పిడిలో అలుగు బిగించియే యున్నది. పిల్లలను దగ్గఱకు రానీయకుడు.