హార్సిలీ కొండకు రైలులో ఒకరోజు

తిరుపతి వాసి ఎవరైనా ‘రేపు కొండకు పోతున్నాము’ అంటే, వినేవారు ఏ కొండ అని అడుగరు. ఆ ఊరిలో కొండ అనే మాటకు ఒక్కటే అర్థం. మొక్కు ఉంటుంది, ముడుపు ఉంటుంది, వరుసలో నిలబడే ఓపిక ఉంటుంది. ఈనాడు మేము చెప్పదలచినది మరొక కొండను గురించి. అక్కడ మనము తీర్చవలసిన మొక్కు లేదు, నిలబడవలసిన వరుస లేదు. చల్లని గాలి పీల్చి, నాలుగు దిక్కులూ చూచి రావడమే పని. అది బి.కొత్తకోట చెంతనున్న హార్సిలీ కొండ. ఒక్కరోజు సెలవు దొరికిన కుటుంబం తెల్లవారుజామున తిరుపతిలో రైలెక్కి, ఆ కొండను చూచి, ఆ రాత్రికే ఇల్లు చేరగలదా? చేరగలదు. అయితే రూపాయల లెక్కకంటె ముందు గంటల లెక్క వేసుకోవలసి ఉంటుంది.

కొండకు రైలు అనగానే మన మనస్సులో మెదిలేది ఉదకమండలం. మేట్టుపాళయంలో బయలుదేరే ఆ చిన్న బండి, పట్టాల నడుమనున్న పళ్ళ కమ్మిని కరచిపట్టుకుని పైకి పాకుతుంది. 1899లో అది కూనూరు వరకు, 1908లో ఉదకమండలం వరకు చేరినది. మన ఆంధ్రదేశంలోనైతే విశాఖపట్నం నుండి అరకులోయకు పోయే దారి ఉన్నది. అది విహారం కొరకు వేసినది కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960లలో వేసినది. అయినా సొరంగాలు దాటుకుంటూ యాత్రికుని తీసుకుపోయి లోయ నడుమనే దించుతుంది. హార్సిలీ కొండకు అటువంటి భాగ్యం లేదు. మనలను తెచ్చిన రైలు కొండకు సుమారు నలభై కిలోమీటర్ల దూరంలోనే దింపి, తన దారిన ధర్మవరం వైపు సాగిపోతుంది.

ఈ మాట విని కొందరు నిరుత్సాహపడతారు. అటువంటివారు ఒక సంగతి గమనించాలి. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తున ఉన్నది. మదనపల్లె సుమారు 700 మీటర్లు. హార్సిలీ కొండ శిఖరం సుమారు 1,260 మీటర్లు. అంటే మనము ఎక్కవలసిన ఎత్తులో సగం రైలుదారిలోనే వెనుకబడిపోతున్నది. కిటికీ పక్కన కూర్చుని బొరుగులు నములుతూ ఉండగానే సగం కొండ ఎక్కివేస్తున్నాము. పళ్ళ కమ్మి లేదు, సొరంగాల ఆర్భాటం లేదు. అందుచేత ఎక్కుతున్నామన్న స్పృహయే కలుగదు.

తిరుపతి విడిచిన బండికి చంద్రగిరి తరువాత పాకాల జంక్షన్ వస్తుంది. ఇక్కడ దారి చీలుతుంది. ఒకటి చిత్తూరు మీదుగా కాట్పాడికి, మరొకటి పీలేరు మీదుగా ధర్మవరానికి. మనది రెండవది. పందొమ్మిదవ శతాబ్ది చివరి పదేండ్లలో మీటరుగేజిగా పడిన ఈ దారి, నూరేండ్లకు పైగా అట్లే ఉండి, ఈ శతాబ్దిలో బ్రాడ్‌గేజి అయినది. పాకాల దాటిన తరువాత మామిడితోటలు పలుచబడతాయి. పీలేరు, కలికిరి, వాయల్పాడు వచ్చేసరికి నేల రంగు మారుతుంది. ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న గుండ్ల గుట్టలు, వాటి నడుమ వేరుశెనగ చేలు, టమాటా తోటలు, అక్కడక్కడ చింతచెట్లు కనబడతాయి. ఎండ అదే ఎండ, కాని కిటికీలోనుండి వచ్చే గాలిలో తిరుపతి ఉక్క ఉండదు. అదే మనము పీఠభూమి మీదికి వచ్చినామనడానికి గుర్తు. మూడు గంటలకు అటూ ఇటూగా బండి మదనపల్లె రోడ్డు స్టేషను చేరుతుంది.

స్టేషను పేరులోని ‘రోడ్డు’ అనే మాటను తేలికగా తీసుకొనరాదు. రైల్వేవారి భాషలో దానికి అర్థం, ఊరు ఇక్కడ లేదు, ఊరికి పోయే దారి మాత్రమే ఇక్కడ ఉన్నది అని. ఈ స్టేషను ఉన్న ఊరు చిన్న తిప్పసముద్రం. చుట్టుపట్ల అందరూ సి.టి.ఎం. అనే అంటారు. మదనపల్లె ఇక్కడికి పది పన్నెండు కిలోమీటర్లు. తరువాతి స్టేషనైన కురబలకోట కొండకు మరికొంత చేరువేగాని, అక్కడ అన్ని బండ్లూ ఆగవు. దిగినవారికి పైకి పోయే బస్సు దొరకడమూ కష్టమే. అందుచేత కొత్తవారు సి.టి.ఎం.లో దిగి, మదనపల్లె చేరి, అక్కడినుండి కొండ బస్సు ఎక్కడమే మేలు.

మదనపల్లెలో కాళ్ళను అదుపులో పెట్టుకోవాలి. ఆ ఊరు మనలను ఆపుతుంది. 1915లో అనిబిసెంటు స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల అక్కడ ఉన్నది. 1919లో రవీంద్రనాథ ఠాకూరు వచ్చి జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించినది అక్కడనే. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టిన ఊరు అదే. ఆయన ఆశయాలతో వెలసిన రిషివ్యాలీ పాఠశాల కూడ సమీపంలోనే ఉన్నది. ఇవన్నీ చూడవలసినవే, కాని అది మరొక రోజు పని. ఒక్కరోజులో అన్నీ చూడబోయినవారికి ఏదీ దక్కదు. ఒక్క ఆరోగ్యవరాన్ని మాత్రం దారిలో తలచుకోవచ్చును. క్షయకు మందు లేని రోజులలో, 1915లో, అక్కడ చికిత్సాలయం వెలసినది. స్ట్రెప్టోమైసిన్ వెలుగు చూచినది 1943లో. అంతవరకు రోగికి వైద్యులు ఇవ్వగలిగినది మంచి ఆహారం, విశ్రాంతి, పొడి గాలి. మనము ఒక పూట వినోదానికి వెదకుకుంటూ వచ్చిన ఈ గాలినే, ప్రాణం నిలుపుకొనడానికి ఎందరో ఇక్కడికి వెదకుకుంటూ వచ్చినారు.

మదనపల్లె నుండి కొండ సుమారు ముప్పది కిలోమీటర్లు. అంగళ్ళు దాటి బి.కొత్తకోట వైపు పోయే దారిలో కాండ్లమడుగు క్రాస్ దగ్గర బస్సు పక్కకు తిరుగుతుంది. అక్కడినుండి మలుపులే మలుపులు. మొదట గుండ్లు, తుప్పలు, సీతాఫలపు చెట్లు, ఆ పైన తురాయి, నీలగిరి చెట్లు. మలుపు తిరిగినప్పుడల్లా కింది చెరువులు చిన్నవవుతాయి. చివరకు చేటలో పోసిన నీళ్ళవలె కనబడతాయి.

ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే బాలిక ఈ కొండమీద ఏనుగుల సంరక్షణలో పెరిగినదనీ, ఇక్కడి చెంచుల జబ్బులను మాన్పేదనీ, ఒకనాడు కనబడకుండా పోగా చెంచులు గుడి కట్టి కొలుచుకున్నారనీ స్థలకథ. ఇప్పటి పేరు కడప కలెక్టరుగా ఉండిన డబ్ల్యూ.డి. హార్స్లీ దొరవలన వచ్చినది. 2022 వరకు చిత్తూరు జిల్లాలో ఉండిన కొండకు కడప కలెక్టరు ఎట్లా వచ్చినాడన్న సందేహం కలుగవచ్చును. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేంతవరకు మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలోనిది. కడప ఎండ ఎటువంటిదో అనుభవించినవారికి ఆయన ఇక్కడ 1870 ప్రాంతంలో ఎందుకు ఇల్లు కట్టించుకున్నాడో చెప్పనక్కరలేదు. మద్రాసు ప్రభుత్వం వేసవిలో ఉదకమండలానికి తరలిపోయేది. జిల్లా అధికారి తన అంతస్తుకు తగినట్లు ఒక చిన్న ఉదకమండలాన్ని ఏర్పరచుకున్నాడు.

అంటే, ఒకప్పుడు ఈ చల్లదనం గుర్రమూ, బంట్రోతులూ, రెండు నెలల విడిదీ ఉన్నవారి సొత్తు. దానిని ఒక్కరోజు సెలవు మాత్రమే ఉన్నవారికి అందించినవి ప్యాసింజరు బండి, పల్లెవెలుగు బస్సు. మేము ఒకసారి పోయినప్పుడు మా పెట్టెలో ఒక బేల్దారి మేస్త్రి కుటుంబం ఉండినది. భార్య, ఇద్దరు పిల్లలు, ఒక ముసలమ్మ. అద్దెకారు మాట్లాడుకుంటే వారం రోజుల కూలి పోతుందని రైలుకు వచ్చినారు. పీలేరు దాటినప్పటినుండి చిన్నపిల్ల ‘కొండ ఏదిరా నాయనా?’ అని అడుగుతూనే ఉన్నది. ‘వస్తాదమ్మా, వస్తాది’ అని తండ్రి సముదాయిస్తూనే ఉన్నాడు. వారు గాలిబండ మీద కూర్చుని పెరుగన్నం, ఊరిబిండి తింటుండగా మళ్ళీ కనబడినారు. ముసలమ్మ కొంగు గాలికి నిలువడం లేదు. ‘ఇంత గాలిని ఎవురూ దుడ్డు అడగలేదు గదరా’ అని కొడుకుతో అన్నది. ఆ కొండను గురించి అంతకంటె మంచి మాట మేము వినలేదు.

ఆ గాలిబండయే కొండమీద ముఖ్యంగా చూడవలసిన తావు. వాలుగా జారిన పెద్ద రాతిబండ, దాని అంచున నిలిచిన గాలి, కింద మైళ్ళకొద్దీ పరచుకున్న చేలు. పిల్లలు అంచుకు పోకుండా చూచుకోవాలి. తరువాత మల్లమ్మ గుడి, గంగోత్రి అని పిలిచే చెరువు, అటవీశాఖవారి తోటలు ఉన్నవి. 1859లో నాటినదని చెప్పే ఒక నీలగిరి మహావృక్షం ఉన్నది. ఆస్ట్రేలియానుండి వచ్చిన జాతి అది. దాని మొదలు చుట్టూ నలుగురు చేతులు కలిపి చూడవచ్చును. ఓపికగా కూర్చునేవారికి బండల సందులలో పసుపు గొంతు గల పిగిలిపిట్ట కనబడుతుంది. దక్షిణాది రాతిగుట్టలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని పిట్ట అది. చల్లదనం విషయానికి వస్తే, వేయి మీటర్లు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. ఆ లెక్కన తిరుపతిలో 40 డిగ్రీలు కాసే మధ్యాహ్నం ఇక్కడ 33 చుట్టుపట్ల ఉంటుంది. ఆ ఏడు డిగ్రీల కొరకే మన ప్రయాణం.

ఇక గంటల లెక్క. రైలులో మూడు గంటలు, స్టేషను నుండి కొండకు బస్సులు మారడంతో కలిపి రెండు గంటలు. పోవడానికి అయిదు, రావడానికి అయిదు. తెల్లవారుజామున బయలుదేరితే కొండమీద మనకు దక్కేది నాలుగైదు గంటలు. ఆ గంటలను వెనుకనుండి లెక్క కట్టాలి. ముందుగా తిరుగు బండి వేళ, దానికి తగిన మదనపల్లె బస్సు, దానికి తగిన కొండ బస్సు తెలుసుకుని, ఆ తరువాత చద్ది విప్పాలి. బండ్ల వేళలు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందురోజే విచారించుకోవడం అవసరం. తిరుగు రైలు కుదరనినాడు మదనపల్లె నుండి తిరుపతికి బస్సులు ఉన్నవి. చివరి కొండ బస్సు తప్పినవారికి మాత్రం రాత్రి బస ఖర్చు తప్పదు. ఒక్కరోజు డబ్బుతో వచ్చిన కుటుంబానికి అది చిన్న దెబ్బ కాదు.

ఇందుకు మేము ఒక్క విన్నపం చేస్తున్నాము. రైలు వేళకు సి.టి.ఎం. స్టేషను ముందు నేరుగా కొండకు పోయే బస్సు ఒకటి నిలబడి, సాయంకాలం అదే బస్సు దిగివచ్చి తిరుగు బండికి అందిస్తే, ఈ ప్రయాణంలో కష్టమనేది మిగలదు. కొత్తగా పట్టాలు వేయవలసిన పని లేదు, సొరంగాలు తవ్వవలసిన పని లేదు. రెండు శాఖల కాలపట్టికలు ఒక బల్లమీద పెట్టుకుని కలిపితే చాలును. కొండమీద భవనాలు పెరిగినంత మాత్రాన అది అందరిదీ కాజాలదు. స్టేషను ముందు బస్సు ఉంటేనే బేల్దారి మేస్త్రి పిల్లలకు అది అందుతుంది.

విన్నపం మనకూ ఒకటి ఉన్నది. అది కరవు సీమ నడుమ నిలిచిన కొండ. పైన నీరు కొద్ది, గడ్డి ఎండినవేళ ఒక్క అగ్గిపుల్ల చాలు. తాగే నీరు ఇంటినుండి తీసుకుపోవాలి, ఖాళీ సీసాలు, విస్తళ్ళు, పొట్లాలు తిరిగి సంచిలోనే దిగిరావాలి. కోతులకు తిండి పెట్టరాదు. ఎలుగులు, చిరుతలు తిరిగే అడవి గనుక చీకటిపడేవరకు కాలిబాటలలో ఉండరాదు.

పోవడానికి మంచి కాలం కార్తికం మొదలు ఫాల్గుణం వరకు. వానలు వెనుకబట్టి, చెరువులలో నీరు నిలిచి, గుట్టలు పచ్చగా ఉంటాయి. ఆ రోజులలో సాయంకాలానికి చలి పెడుతుంది గనుక పిల్లలకు ఒక కంబళి, పెద్దలకు ఒక శాలువ ఉంచుకోవాలి. రైలులో ఎడమపక్కా కుడిపక్కా అని వెదకనక్కరలేదు, కిటికీ దొరికితే చాలును. పిల్లలు కొండ ఏదని అడిగితే, పాకాల దాటినప్పటినుండి ఎక్కుతూనే ఉన్నామని చెప్పండి.