నా యాసను నేనే ఎందుకు కట్ చేసుకున్నా?

ఈ చానెల్ మొదటి వీడియో నాలుగుసార్లు షూట్ చేశాను. కెమెరా ప్రాబ్లమ్ కాదు. మాటల మధ్యలో "గట్లనే" అని వచ్చేస్తోంది. అది కట్ చేసి "అలాగే" అని మళ్లీ చెప్పడం. వీడియో చూసి మా అమ్మ, "ఎవ్వలు బిడ్డా గీ పిలగాడు?" అని నవ్వింది. మాది సిద్దిపేట దగ్గర పల్లె.

యాస మార్చుకోమని నన్నెవరూ బెదిరించలేదు. మరి ఎందుకు మార్చుకున్నా? ఇక్కడే మన టాపిక్: హెజెమనీ. తెలుగులో ఆధిపత్యం అంటారు గానీ, ఆ మాట వింటే లాఠీ గుర్తొస్తుంది. ఇది అలా కాదు. పైనున్నవాళ్ల పద్ధతే "మామూలు పద్ధతి" అని మనకే అనిపిస్తుంది, మనమే ఒప్పుకుంటాం.

దీని గురించి లోతుగా ఆలోచించినవాడు ఇటలీ కమ్యూనిస్టు నాయకుడు ఆంటోనియో గ్రాంషీ. 1926లో ముస్సోలినీ ప్రభుత్వం అరెస్టు చేసింది. జైల్లో 1929 నుంచి 1935 దాకా నోటుబుక్కులు నింపాడు. బడి, చర్చి, పత్రికలు కలిసి జనం ఒప్పుదలను ఎలా తయారుచేస్తాయన్నది అతని ప్రశ్న. వెనకాల పోలీసులు ఉంటూనే ఉంటారు, అది మర్చిపోవద్దు. అతను రాస్తున్నదే జైల్లో కూర్చుని కదా!

ఇంకో విషయం, నాకు బాగా నచ్చింది. గ్రాంషీది సార్డీనియా దీవి. ట్యూరిన్ యూనివర్సిటీకి వెళ్లి చదివింది భాషాశాస్త్రం. 1935లో రాసిన చివరి నోటుబుక్కు వ్యాకరణం గురించే. ఎవరి భాష "సరైన భాష" అవుతుందన్నది అతనికి రాజకీయమే.

ఇప్పుడు మన సినిమాలు చూడండి. ఏళ్ల తరబడి హీరోది కోస్తా తెలుగు, తెలంగాణ యాస ఎక్కువగా కమెడియన్‌కో రౌడీకో. చట్టమేమీ లేదు. థియేటర్లో నవ్వినవాళ్లలో నేనూ ఉన్నా.

అయితే ఈ ఒప్పుదల శాశ్వతం కాదు. 2017లో 'ఫిదా' హీరోయిన్ బాన్సువాడ పిల్ల, అదే యాసలో దర్జాగా మాట్లాడింది. 2023లో 'బలగం' వచ్చింది. సంతోషమే. కానీ శ్రీకాకుళం యాసతో కామెడీ ఇంకా నడుస్తోంది, దానికి మనమూ నవ్వుతున్నాం.

ఈ స్క్రిప్టు కూడా చూడండి: "చేశాను", "వచ్చింది". రాయడానికి కూర్చుంటే చెయ్యి అటే పోతది. నిన్న రిహార్సల్‌ల మళ్ల "గట్లనే" అన్న. ఈసారి కట్ చెయ్యలే. వీడియో అమ్మకు పంపిన, ఇంకా చూడలే.