మతిమరుపు పరీక్షకు ఇంటి భాష కావాలి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను వైద్యుడను కాను. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మాస్టరును. అయితే ఈరోజు చెప్పబోయేది ఒక పరీక్షను గురించి. ప్రశ్నపత్రాల సంగతి కనుక మాస్టరు మాట్లాడినా తప్పులేదనుకుంటాను.

మన ఇళ్లలో దాదీయో, నానీయో అడిగిందే మళ్లీ అడుగుతుంటే, పొయ్యిమీద పాలు పెట్టి మరచిపోతుంటే "వయసు మీద పడ్డది, అంతే" అంటాము. కొందరి విషయంలో అది నిజమే. కొందరిలో మాత్రం అది డిమెన్షియా అనే జబ్బు. 2023లో ప్రచురించిన ఒక పెద్ద సర్వే అంచనా ప్రకారం మన దేశంలో 60 ఏండ్లు నిండినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉన్నది. మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ.

దీన్ని అనుమానించడానికి డాక్టర్లు మొదట చేసేది ప్రశ్నలడగడం. 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ మొదలైనవారు 30 మార్కుల పరీక్ష ఒకటి తయారుచేశారు. ఈరోజు తారీఖు ఎంత, మనం ఎక్కడున్నాం, ఈ మూడు మాటలు గుర్తుంచుకో, 100లోనుంచి 7 చొప్పున తీసివేస్తూ పో, ఒక వాక్యం రాయి - ఇట్లాంటివి. 24 కన్నా తగ్గితే సాధారణంగా అనుమానం. లోకమంతా దీన్ని వాడింది. కానీ బడి ముఖం చూడని ముసలమ్మకు ఒక వాక్యం రాయమంటే ఏం రాస్తుంది? మార్కు పోయింది సరే, పోయింది జ్ఞాపకమా, లేక ఎన్నడూ చేతికి రాని పలకా బలపమా?

ఈ చిక్కును హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన వైద్యులు పట్టించుకున్నారు. 1995లో వారు ప్రచురించిన హిందీ పరీక్ష ఉత్త అనువాదం కాదు. 100లోనుంచి 7 బదులు 20లోనుంచి 3 తీసివేయమన్నారు. ఇంగ్లీషు మాట స్పెల్లింగు తిరగేసి చెప్పమనడానికి బదులు వారాల పేర్లు వెనకనుంచి చెప్పమన్నారు. "కళ్లు మూసుకో" అని రాసిన కాగితం చదివించడం మానేసి, "నా ముఖం చూసి నేను చేసినట్టు చెయ్యి" అని తామే కళ్లు మూసి చూపించారు. వాక్యం రాయడం పోయి, మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమనడం వచ్చింది. చూడండి, అడిగేది అదే శక్తిని, దారి మాత్రం వేరు.

తెలుగు పేపరును ఉర్దూలోకి మార్చినప్పుడు ఏమవుతుందో మా మాస్టర్లకు బాగా తెలుసు. ఒక ప్రశ్న అకారణంగా కష్టమవుతుంది, ఇంకొకదానిలో జవాబు ప్రశ్నలోనే బయటపడుతుంది. అందుచేత పరీక్షను మార్చగానే పని తీరదు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులకు, జబ్బు ఉన్నవారికి ఇద్దరికీ పెట్టాలి. మార్కులు చూడని వేరే డాక్టర్లు వారిని విడిగా పరీక్షించి జబ్బు ఉన్నదీ లేనిదీ తేల్చాలి. అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి, పేపరు ఎంతమంది రోగులను పట్టింది, ఎంతమంది మంచివారిని ఊరికే అనుమానించింది అని లెక్క తీయాలి. గీత ఎక్కడ గీయాలో ఆ లెక్క చెబుతుంది. చదువు లేనివారికి ఒక గీత, డిగ్రీ చదివినవారికి ఇంకొకటి. మన 35 మార్కుల పాసు వలె అందరికీ ఒకటే పనికిరాదు.

తెలుగులో ఈ పని హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో జరిగింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పుట్టిన ఆడెన్‌బ్రూక్స్ అనే 100 మార్కుల పరీక్షను తెలుగుకు మలచుకున్నారు. దీనిలో 'పి' అక్షరంతో మొదలయ్యే మాటలు ఒక నిమిషంలో చెప్పమంటారు. మన లిపిలో పాలు, పిల్లి, పూవు ఒకే అక్షరమా, మూడా? నవ్వకండి, మార్కు వేసేవాడు ముందే తేల్చుకోవలసిన సంగతి అది.

ఆ నిమ్స్‌లోనే డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా మొదలైందట. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు మాట్లాడే మన తల్లులు విని సంతోషించవచ్చు. అయితే ఇతర దేశాల పరిశోధనలన్నీ దీనితో ఏకీభవించలేదు, పైగా ఆలస్యమంటే రాదని కాదు.

తరువాత భారత వైద్య పరిశోధనా మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషల్లో పరీక్షల కట్ట ఒకటి సిద్ధం చేయించింది. మంచి పని. ఆ ఐదింటిలో ఉర్దూ లేదు. పాకిస్తానులో చేసిన ఉర్దూ పరీక్షలున్నాయి గాని, కరాచీ ఉర్దూ వేరు, "హౌ", "నక్కో" అనే సుబేదారి వంటింటి మాట వేరు. తారీఖు అడిగితే మా వీధి పెద్దమ్మ చాంద్ తారీఖు ఠక్కున చెబుతుంది, ఇంగ్లీషు నెల చెప్పలేదు. మార్కు వేయాలా, వద్దా? ఖురాన్ షరీఫ్ జేర్ జబర్‌లతో తప్పు లేకుండా చదువుతుంది, ఉర్దూ అఖ్బార్ చదవలేదు. ఫారంలో "చదువు: లేదు" అని రాస్తారు. ఆమెను ఏ గీత దగ్గర నిలబెట్టాలి? ఇటువంటివారిని వందలమందిని పరీక్షించిచూస్తేనే జవాబు దొరుకుతుంది.

అంతవరకు మనం చేయగలిగినవి ఉన్నాయి. పెద్దవారిని ఎం.జి.ఎం.కో, మరెక్కడికో తీసుకుపోయినప్పుడు వారు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, ఏం చదివారో డాక్టరుకు ముందే చెప్పండి. చెవుడు, చూపు సంగతి కూడా. దుబాసీగా కూర్చున్న కోడలు జవాబు అందించరాదు. ప్రేమతో అందిస్తుంది, కానీ జబ్బు దాగిపోతుంది. రెండేళ్ల కింద తానే చేసి ఇప్పుడు చేయలేనివి, అనగా చిల్లర లెక్క, మందులు వేసుకోవడం, తెలిసిన దారి, కాగితం మీద రాసుకొని పోండి. మార్కులు తగ్గితే అది తీర్పు కాదు. థైరాయిడ్, బి12 లోపం, మనోవేదన వల్ల కూడా మతిమరుపు వస్తుంది, వాటికి వైద్యం ఉన్నది.

ఇంకొకటి. పరిశోధకులు ఎప్పుడైనా మన వాడకు వచ్చి ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు కావాలని అడిగితే "మా అమ్మీకి ఏమైందని?" అని కోపగించుకోకండి. గీత గీయడానికి వారికి కావలసింది ఏమీ కాని అమ్మీలే. అట్లాంటి అవసరం వస్తే ముందుకు రాదలచినవారు కార్యదర్శి గారి వద్ద పేర్లు రాయించండి, దక్కనీ, తెలుగు రెండూ వచ్చిన మా పాత విద్యార్థులు కొందరు తోడుగా కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నారు.